పాడే నేల, మూసుకున్న కళ్లు

క్యోటోలోని నిజో కోటలో కొన్ని వసారాలున్నాయి. ఎంత మెల్లగా అడుగేసినా చెక్కలు కిచకిచమంటాయి. కింద ఇనుప కొక్కేలు మేకులకు రాసుకుని పుట్టే చప్పుడది. ‘లియన్ హెర్న్’ అనే కలం పేరుతో గిలియన్ రూబిన్‌స్టైన్ రాసిన ఓటోరి గాథల మొదటి నవల (2002) అలాంటి నేల మీదే నడుస్తుంది. కథానాయకుడు తకెవోకి పాము చెవులు. తన వాళ్లను ఊచకోత కోయించిన ప్రభువు ఇయిదాను చంపాలంటే అతని కోటలో పాడే నేలను చప్పుడు లేకుండా దాటాలి. పెంపుడు తండ్రి షిగేరు తన ఇంట్లోనూ అలాంటి నేలే వేయిస్తాడు. కుర్రాడు దాని మీదే సాధన చేస్తాడు. ఏ చెక్క ఎక్కడ మూలుగుతుందో అతనితోపాటు మనకూ తెలిసిపోతుంది. తీరా దాటి వెళ్తే ఇయిదా అప్పటికే చచ్చి పడుంటాడు. చంపింది తకెవో ప్రేమించిన, ఏ మంత్రశక్తీ లేని అమ్మాయి కయెదే. పేరు మాత్రం తకెవోకి వస్తుంది! నవల మొత్తంలో నాకు నచ్చిన చమత్కారం ఇదే.

యమదా ఫుతారో 1950ల చివర రాసిన ‘కోగా నింపోచో’లో శక్తి కళ్లలో ఉంటుంది. తన మీదికొచ్చిన హంతకుణ్ణి అతని చేతులతోనే చంపించే చూపు గెన్నొసుకేది. ఎదుటివాళ్ల విద్యలన్నీ వమ్ము చేసే చూపు ఒబోరోది. వాళ్లవి పగబట్టిన రెండు నింజా ఊళ్లు, అయినా ఇద్దరికీ పెళ్లి కుదిరింది. ఇంతలో ఏ మనవడు షోగున్ కావాలో తేల్చడానికి జపాన్ ఏలిక ఇయెయాసు ఆ రెండు ఊళ్ల నుంచి పదేసి మందిని బరిలోకి దించుతాడు. ఇరవై పేర్లూ పత్రం మీద ఎక్కుతాయి, చచ్చినవాడి పేరు కొట్టేస్తారు. ఎవరి వైపూ నిలవలేక ఒబోరో తన కళ్లకు తానే మందు పూసుకుని ఏడు రాత్రుల గుడ్డితనం తెచ్చుకుంటుంది.

హెర్న్ వాక్యం శుభ్రంగా, పొదుపుగా ఉంటుంది. కానీ ఆమె ప్రభువుల్లో షిగేరు లాంటి మంచివాళ్లున్నారు. చెడ్డవాణ్ణి దించి మంచివాణ్ణి ఎక్కిస్తే రాజ్యం చక్కబడుతుందన్న ఆశ మొదటి మూడు పుస్తకాలనూ మోస్తుంది. యమదా రాత మొరటు, ఆడవాళ్ల ఒంటి మీద అతని చూపు చాలాచోట్ల చిరాకు పుట్టిస్తుంది. అయినా మనుషులను పావులుగా వాడుకునే ఏలిక ఎలా ఉంటాడో అతనికి బాగా తెలుసు. ఇయెయాసు క్రూరుడేమీ కాదు, అలసిన ముసలి తాత. ఇంట్లో తగాదా తెగితే చాలతనికి. ఇయిదా కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ తాతే.