అద్దం మనది, పేరెవరిది?

పట్నంలో ఒక ఎగ్జిబిషన్‌లో చేతిసంచి చూశాం. అద్దాలు, గవ్వలు, రంగుదారాలు. చీటీ మీద ‘ట్రైబల్ వర్క్, సస్టైనబుల్ ఫ్యాషన్’ అని ఉంది. ఏ తండా? ఎవరి చెయ్యి? ఆ మాట లేదు.

పాతబట్టను మళ్లీ వాడటం ఇప్పుడు కొత్త సంగతిలా చెప్తున్నారు. మన యాడీలు ఫేటియా చినిగితే పారేయలేదు. బాగున్న ముక్క కోసి సంచికి అతికారు. పాత అద్దాలు విప్పి కొత్త కాంచళికి కుట్టారు. కుట్లకు పేర్లు కూడా ఉన్నాయి: కిలన్, వేలె, మాకి, నక్రా. కర్ణాటకలోని సండూరు లంబాణీలు ఇలాంటివి 14 లెక్కపెడతారు. ఆ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

గుర్తింపు మంచిదే. అయితే అది ఊరి పేరును కాపాడుతుంది, కూలిని కాదు. అద్దాల బొమ్మను మిషన్ మీద అచ్చేసిన బట్ట పక్కనే చవకగా దొరుకుతుంటే, రోజుల తరబడి కుట్టిన ఆడమనిషి దగ్గరే బేరమాడతారు. బట్ట నిలిచి, కుట్టే మనిషి నిలవకపోతే దాన్ని సస్టైనబుల్ అని ఎలా అంటాం?

తప్పంతా బజారుదే అనలేం. తీజ్ నాడు ఫొటో కోసం ఫేటియా కట్టి, మర్నాడు మడిచి పెట్టేది మనమే. యాడి దగ్గర కూర్చుని ఒక్క కుట్టైనా నేర్చుకున్నవాళ్లం ఎందరం?

ఉపాధ్యాయ మిత్రులారా, తండాలోని ఒక పెద్దామెను బడికి పిలవండి. నేర్పినందుకు కూలి ఇప్పించండి. కుట్టు పేరు, కుట్టినామె పేరు పిల్లలతో రాయించండి. రేపు చీటీ రాసేది ఆ పిల్లలే కావాలి.