ఒడ్డు వెంట నడిచే పడవ

శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. వానాకాలంలో ఆ గీతను తాకిన నీరు వేసవికల్లా దిగిపోయి, నిన్నటి రేవును బీటలువారిన బురదమేటగా వదిలేస్తుంది. ఏడాదిలో చాలా నెలలు నీటి అడుగునే ఉండే సంగమేశ్వరాలయం, ఎండలు ముదిరాక శిఖరంతో మొదలుపెట్టి మెల్లగా బయటపడుతుంది. ఇలా ఒడ్డు నిలకడగా ఉండని నీటి మీద బతికే జాలరికి, ఒడ్డు జరిగినప్పుడల్లా నెత్తికెత్తుకుని వెంట తీసుకుపోగల పడవ కావాలి. పుట్టి అలాంటి పడవ.

1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ తుంగభద్ర మీద ఈ గుండ్రటి పడవల గురించి రాశాడు. లోపల పేము అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మంది పట్టేంత చోటు. ఎంతసేపూ తిరుగుతూనే ఉంటాయి, తిన్నగా పోవు అని కూడా గమనించాడు. ఆ తిరుగుడును చూసి చాలామంది ఇప్పటికీ దీన్ని మోటు పడవ అనుకుంటారు. నా మట్టుకు పుట్టి గొప్పతనమంతా అక్కడే ఉంది.

పుట్టి అల్లకం మేదరి పనికి దగ్గరి చుట్టం. వెదురు బద్దలను నేల మీద అడ్డం నిలువు పరిచి అల్లి, నడుమ బరువు పెట్టి, అంచుల్ని పైకి వంచి కట్టేస్తారు. పూర్వం తోలు కప్పేవారు. తర్వాత ఎరువుల సంచులు, ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. వాటి మీద కాచిన తారు పూస్తారు. ఈమధ్య ఫైబర్ పుట్టీలు కూడా వచ్చాయి. మన్నిక ఎక్కువే, కానీ రాయి తగిలి పగిలితే వెదురు పుట్టిలా ఒడ్డునే కూర్చుని అతుకు వేసుకోవడం కష్టం.

నడపడానికి ఒకటే తెడ్డు. కొత్తవాళ్లు పక్కన వేస్తారు, పుట్టి ఉన్నచోటే బొంగరమవుతుంది. తెలిసినవాళ్లు పోవలసిన దిక్కుకేసి గొంతుక్కూర్చుని, తెడ్డును తమ ముందు నీటిలో దించి ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి నీటిని తమవైపు లాక్కుంటారు. పుట్టి అటు కాస్త, ఇటు కాస్త తిరుగుతూ ముందుకు సాగుతుంది. బలంతో కంటే లయతో సాగే పని ఇది.

అసలు విద్య వల దగ్గర కనిపిస్తుంది. గాలి సద్దుమణిగాక, సాయంత్రం వల దించుతారు. పైన బెండ్లు, కింద సీసం గుళ్లు. వల నీటిలో గోడలా నిలబడుతుంది. ఏ చేపకు ఏ లోతో తెలిసి ఉండాలి. బొచ్చె పైనీటిలో మేస్తుంది, రవ్వ నడిమి నీటిలో, మోసు అడుగున. ఎండాకాలం పైనీరు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది, లోతు నీటికి ప్రాణవాయువు సరిగా అందదు. అందుకని మరీ లోతుకు దించిన వల ఖాళీగా రావచ్చు. తెల్లవారుజామున వల తీసేటప్పుడు తెడ్డుతో పనిలేదు. జాలరి వల తాడు పట్టుకుని లాగుతుంటే పుట్టే వల వెంట నడుస్తుంది. దీనికి ముందూ వెనకా లేవు గనక ఏ పక్కనుంచైనా వల ఎత్తుకోవచ్చు. గింజుకునే చేప ఎటు లాగితే అటు తిరుగుతుంది, తాడు మీద బరువు అంతగా పడదు. కయాక్ లాంటి సన్నటి పడవ దూసుకుపోవడానికి పుట్టింది. పుట్టి ఆగి పనిచేయడానికి పుట్టింది.

అడుగు చదునుగా ఉంటుంది గనక మోకాలి లోతు నీళ్లూ చాలు. జలాశయం కింద మునిగిన ఊళ్లున్నాయి, చెట్ల మోళ్లున్నాయి. ఏ మోడు ఎక్కడ వల చింపుతుందో, ఏ పాత గోడ చాటున జెల్లలు చేరతాయో పుట్టిలో తిరిగినవాళ్లకే తెలుసు. గాలికి మాత్రం పుట్టి లొంగిపోతుంది. నల్లమల వైపు మబ్బు కమ్మితే అనుభవమున్నవాళ్లు నీళ్లలోకి దిగరు. లైఫ్ జాకెట్ లేకుండా దిగే అలవాటు ఇకనైనా పోవాలి, ఈత వచ్చినా సరే.

ఈ వేటకు పెద్ద ముప్పు అలివి వలలు. ఆ సన్నకన్ను వల వేలెడు పిల్లను కూడా వదలదు. బొచ్చె, రవ్వ పారే నీటిలో, వరదల కాలంలో గుడ్లు పెడతాయి. నిలిచిన నీటిలో వాటి సంతతి పెరగడం కష్టం. అందుకే జలాశయాల్లో ఏటా చేపపిల్లల్ని వదలాల్సి వస్తుంది. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వమే ఉచితంగా వదిలింది. అలా వదిలిన పిల్లలే అలివి వలకు చిక్కి ఎండుచేపలైపోతుంటే, పెద్దకన్ను వలతో ఎదిగిన చేప కోసం రాత్రంతా కాచుకున్నవాడికి మిగిలేదేమిటి? పుట్టి మోయగలిగిన వల తక్కువ, తెచ్చే చేపా తక్కువే. నీటిలో రేపటికి చేప మిగిలేది ఆ తక్కువ వల్లనే.

పొద్దెక్కాక చేపలు తూకానికి పోతాయి. పుట్టిని ఒడ్డున ఒక రాయి ఆనించి బోర్లిస్తారు. లోపలి తడి ఆరేదాకా దాని నీడలోనే కునుకు తీస్తారు. లేచేసరికి నీరు ఇంకాస్త దిగి ఉంటుంది. పుట్టి మళ్లీ నెత్తికెక్కుతుంది.