దొరకలేదంటే లేనట్టేనా?

2012 సెప్టెంబరు చివర్లో తూర్పు జర్మనీలో బడిపిల్లలు ఊళ్లకు ఊళ్లు వాంతులు, విరేచనాలతో మంచాన పడ్డారు. బాధితుల లెక్క దాదాపు 11 వేలకు చేరింది. కారణం నోరోవైరస్. అది చైనా నుంచి వచ్చిన ఫ్రోజెన్ స్ట్రాబెర్రీలతో బడి భోజనాల్లోకి చేరింది. జబ్బుపడిన వాళ్ల మలంలో ఈ వైరస్‌ను పట్టుకోవడం ల్యాబ్‌కు కష్టం కాదు, అక్కడ అది కోట్లలో ఉంటుంది. పండు మీద పట్టుకోవడమే గగనం.

సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియాను పోషక ద్రవంలో వేసి ఒక రాత్రి ఉంచితే లక్షలుగా పెరిగి తనంతట తానే బయటపడుతుంది. వైరస్ తిండిలో పెరగదు. ఎంత అంటిందో అంతే ఉంటుంది. మనిషిని పడగొట్టడానికి అతి కొద్ది కణాలు చాలు. కాబట్టి ల్యాబ్ ఆ కొద్దినే వెతికి తీయాలి.

కరోనా రోజుల్లో ఆర్‌టీ-పీసీఆర్ పేరు ఇంటింటికీ తెలిసింది. ఇక్కడా చివరికి చేసేది అదే. అయితే పనితనమంతా దానికి ముందే ఉంది. 25 గ్రాముల పండ్లను క్షారగుణమున్న ద్రవంలో కలిపి మెల్లగా ఊపుతారు, పండును అంటిపెట్టుకున్న వైరస్ వదులవుతుంది. పెక్టినేజ్ అనే ఎంజైమ్ వేయకపోతే పండులోని పెక్టిన్ ద్రవాన్ని జెల్లీగా మార్చేస్తుంది. తర్వాత పాలిఇథిలీన్ గ్లైకాల్, ఉప్పు కలిపి వైరస్‌ను అడుగుకు దించుతారు. చివరికి మిగిలేది కొన్ని చుక్కలు. ఇదే వైరస్‌ను ఆయిస్టర్లలో వెతకాలంటే మాంసమంతా అక్కర్లేదు. వైరస్ పేరుకునే జీర్ణగ్రంథిని కోసి, అందులో 2 గ్రాములు తీసుకుంటే చాలు. చేయి తిరిగిన వాళ్లే చేయాల్సిన కోత అది.

ఇన్ని మెట్లలో వైరస్ ఎక్కడైనా జారిపోవచ్చు. పండ్ల రసంలోని పదార్థాలు పీసీఆర్‌నే అడ్డుకోవచ్చు. అందుకే మొదట్లోనే మెంగో అనే వేరే వైరస్‌ను తెలిసిన మోతాదులో నమూనాకు కలుపుతారు. చివర్లో అది ఎంత తిరిగొచ్చిందో చూస్తారు. ఈ పరీక్షలకు సంబంధించిన ఐఎస్ఓ 15216 ప్రమాణం ప్రకారం కనీసం 1 శాతం తిరిగొస్తే పరీక్ష చెల్లుతుంది. నూటికి ఒక్కటి! ఈ పద్ధతుల్లో ఇంతకన్నా నిజాయితీగల అంకె లేదు.

పీసీఆర్ చూసేది జన్యుపదార్థాన్నే కాబట్టి, దొరికిన వైరస్ ఇంకా జబ్బు చేయగలదో లేదో అది చెప్పలేదు. ఆ లోటు ఇప్పటికీ తీరలేదు.

ఆహార ల్యాబ్‌లు ‘వైరస్ కనబడలేదు’ అని రాసే ప్రతి రిపోర్టులో, పక్కనే మెంగో ఎంత శాతం తిరిగొచ్చిందో కూడా రాయాలి. తినేవాళ్లు ఆ అంకెను అడగాలి.