నినాదమూ, హాష్‌టాగూ

గోడమీది రాతను, ఊరేగింపులోని కేకను మన సాహిత్య విమర్శ తన గడప తొక్కనివ్వలేదు. అది పండితుల పట్టింపు. వేలమంది ఒక్క గొంతుతో పలికే నాలుగు మాటలకు నడక వుంటుంది, ప్రాస వుంటుంది, వర్గదృష్టి వుంటుంది. యిప్పుడా కేక ఫోను తెరమీదికి ఎక్కి, ముందొక అడ్డగీతల గుర్తు తగిలించుకొని హాష్‌టాగు అయింది. ఒకే విషయం మీద మాట్లాడేవారిని ఒకచోట చేర్చటానికి 2007 ఆగస్టులో క్రిస్ మెసీనా అనే అమెరికా దేశస్థుడు ట్విట్టర్‌లో సూచించిన చిన్న ఉపాయమిది. మన విద్యార్థి మిత్రులు దీన్ని ఉద్యమానికి ఆయుధమంటున్నారు. కావచ్చు. కాని దాన్ని రచనగా పరీక్షించే పని ఎవరూ తలపెట్టలేదు. కడియం తోటల్లో మొక్కకు మట్టి కట్టే కూలీకి యిది ఏపాటి పనికివస్తుందన్న ప్రశ్నను ఎదురుగా పెట్టుకొని ఆ పరీక్షకు పూనుకొంటున్నాను.

‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అన్న నినాదాన్ని తీసుకోండి. మాత్రలు లెక్కించి చూస్తే మొదటి సగం నాలుగూ మూడూ. రెండవ సగం మళ్ళీ నాలుగూ మూడూ. ఉక్కుకు హక్కు అంత్యప్రాస. నడుస్తూ అరవటానికి, ఒకరు సగం అంటే తక్కినవారు మిగతా సగం అందుకోవటానికి యింతకన్న అమరిన కట్టు దొరకదు. ఆ కట్టులోనే వాదమూ వుంది. ఉక్కు అన్న మాట వెంటనే హక్కు వచ్చి నిలబడింది. దయ, విన్నపం, వెనుకబాటుతనం వంటి మెత్తని మాటలకు సందు లేదు. 1966 నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించక తప్పలేదు.

తిరిగి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఆ కర్మాగారంలో వాటా నూటికి నూరుపాళ్ళు అమ్మివేయటానికి సూత్రప్రాయంగా ఒప్పుకొన్నప్పుడు ఫోనుల్లో రెండు హాష్‌టాగులు తిరిగాయి. ఒకటి ‘సేవ్ వైజాగ్ స్టీల్’. రెండవది, మాటల మధ్య ఖాళీలు తీసివేసిన పాత నినాదమే. మొదటిదానిలో ఎవరో రక్షకుణ్ణి కేకవేస్తున్న ధ్వని వుంది. రెండవదానిలో స్వంతదారు గొంతు వుంది. యాభయ్యైదేళ్ళ తరువాత కూడా కొత్త మాట పుట్టించలేక పాతదాన్నే అరువు తెచ్చుకొన్నామంటే అది 1966 నాటివారికి గౌరవం. మనకు మాత్రం కాస్త ఆలోచించుకోవలసిన సంగతి. 2021 ఫిబ్రవరిలో కూర్మన్నపాలెంలో కార్మికులు వేసిన రిలే నిరాహారదీక్షా శిబిరం సంవత్సరాల తరబడి నడిచింది. హాష్‌టాగు దాని వార్తను మోసింది. శిబిరాన్ని మోసినవి యూనియన్లు.

మన హాష్‌టాగులు ఎక్కువభాగం యింగ్లీషులోనే ఎందుకు పుడుతున్నవి? ఢిల్లీ చూడాలి, పెద్ద పత్రికలు చూడాలి అన్న ఆత్రం. ఆత్రం తప్పని అనను. కాని రాసినవాడి దృష్టి పాలకుడిమీద వుండి, పక్కనున్న కూలీమీద లేదని ఆ భాషే చెబుతున్నది. తెలుగులో రాస్తే యింకొక చిక్కు వున్నది: ఒకరు ‘ఉక్కు’ అని, ఒకరు ‘వుక్కు’ అని రాస్తే అవి రెండు వేరు వేరు వరుసలవుతాయి, ఒకరి మాట ఒకరికి కనపడదు. (వర్ణక్రమం మీద పోట్లాడుకొనే మన పండితులు సంతోషించదగిన విషయమే!) అందుచేత ఏ అక్షరాలతో రాయాలో ముందే కూర్చుని తేల్చుకోవాలి. అలా కూర్చోబెట్టేది ఒక కమిటీయే గాని, ఫోను కాదు.

2016 నాటి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని గుర్తుచేసుకోవాలి. హాస్టలునుంచి గెంటివేయబడిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆవరణలోనే ఆరుబయట గుడారం వేసి దానికి ‘వెలివాడ’ అని పేరుపెట్టారు. జనవరి 17న రోహిత్ వేముల మరణించాడు. ‘జస్టిస్ ఫర్ రోహిత్’ అన్న హాష్‌టాగు దేశమంతా పాకింది. దాని మేలును తక్కువచేయనక్కరలేదు. అయితే నా దృష్టిలో ఆ ఉద్యమంలో అసలు రచన ‘వెలివాడ’. ఊరి బయటికి నెట్టిన తరతరాల చరిత్రను ఒక్క తెలుగు మాటలో తెచ్చి విశ్వవిద్యాలయం నడిబొడ్డున నాటారు. ‘జస్టిస్ ఫర్’ తరువాత ఎవరి పేరైనా అతుకుతుంది. వెలివాడకు మాత్రం అక్కడ ఒక స్థలం వుంది, రాత్రిపూట చలి వుంది. తెలుగు రాని విద్యార్థులు సైతం ఆ మాటను పలకటం నేర్చుకొన్నారు.

ఇక స్వంతదారు సంగతి. మనం గోడమీద రాస్తే చెరపటానికి పోలీసువాడు సున్నం బకెట్టుతో రావాలి. యిక్కడ గోడే కంపెనీది. 2021 ఫిబ్రవరి 1న, రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో వుండగా, ప్రభుత్వం అడిగిందని ట్విట్టర్ కిసాన్ ఏక్తా మోర్చా ఖాతాతో సహా అనేక ఖాతాలను కొన్ని గంటలపాటు మనదేశంలో కనపడకుండా చేసింది. సింఘూలో గుడారాలు మాత్రం అలాగే వున్నవి. ఆ సంవత్సరం నవంబరు 19న ప్రధాని మూడు చట్టాల ఉపసంహరణను ప్రకటించేదాకా వున్నవి. పైగా ఏ మాట పైకి లేస్తుందన్నది సంఖ్యాబలంతో, వేగంతో తేలే విషయం. యీ విద్యలో తెలుగునాట మొదటి ఘనులు సినిమా హీరోల అభిమానులు. తరువాత డబ్బుపోసి మనుషులను కూర్చోబెట్టగల పార్టీలు. ఆ పందెంలో వాళ్ళను మించుదామని మన సంఘాలు రాత్రింబగళ్ళు శ్రమపడటం నాకు వృథాప్రయాసగా తోస్తుంది.

కడియంలో హాష్‌టాగు యిదివరకే వచ్చి స్థిరపడింది, వ్యాపారానికి. ‘కడియం నర్సరీ’ అన్న మాటలకు ఆ గుర్తు తగిలించి వెదికితే గులాబీలు, క్రోటన్లు, మామిడి అంట్లు, వాటి ధరలు వరసగా కనపడతాయి. సంచుల్లో మట్టి నింపే స్త్రీ, అంటు కట్టే చేయి, లారీకెత్తే భుజం వాటిలో దాదాపు కనపడవు. కనపడినా బొమ్మ అంచున, మొక్క ఎంత ఎత్తుందో చూపటానికి. కడియపులంకలో కూలీలు రేపు కూలిరేట్ల మీద ఒక మాట కట్టుకొంటే అది కలుపు తీస్తూ పాడుకోదగినదై వుండాలి. అది వాళ్ళ నోట నానిన తరువాతే ఫోనెక్కాలి. ఎక్కించేటప్పుడు దాని పక్కనే ఆ అమ్మకపు గుర్తును కూడా తగిలించవచ్చు. బెంగుళూరులోనో, భువనేశ్వరంలోనో గులాబీకోసం వెదికేవాడికి మొక్క ధర కింద దినకూలి కూడా కనపడుతుంది.