ఆ రెండు పెంకులు

పోయిన వారం హైదరాబాద్‌లో నా మెడలో ఒక కార్డు తగిలించారు. పేరు కింద ‘ఫ్యాబ్రికేటర్’ అని ఉంది. అల్యూమినియం ఫ్రేములు కోసి అద్దాల తలుపులు బిగించేవాళ్లను ఆ పరిశ్రమలో అలా పిలుస్తారట. లేనిది కల్పించి చెప్పేవాడనే అర్థం కూడా ఇంగ్లిషులో ఆ మాటకు ఉంది కదా, కాలమ్ రాసేవాడికి నప్పుతుందిలే అని ఊరుకున్నాను.

నన్ను అక్కడికి పట్టుకుపోయింది మా బామ్మర్ది. వనపర్తిలో అద్దాల షాపు వాడిది. ఈ కాలమ్ మొదటినుంచీ చదివేవాళ్లకు వాడు పాత చుట్టమే. మా ఇంటి పడమటి కిటికీకి పెద్ద అద్దం పెట్టించిన గొడవ మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పడమటికి అంత అద్దం వద్దన్నది నేను, పెట్టించింది వాడి అక్క. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గదిలోకి ఇప్పటికీ ఎవరూ పోరు. ఆ సంగతి మళ్లీ ఎత్తను.

మాదాపూర్ వైపు ఒక పెద్ద హాల్లో అద్దాల పరిశ్రమ ప్రదర్శన, పక్కనే సదస్సు ఉన్నాయని వాడి ఫోనుకు ఆహ్వానం వచ్చింది. ఫారం అంతా ఇంగ్లిషు. “బావా, జర నువ్వు నింపు. నీ పేరు గూడ రాయి. ఆడ మాట్లాడేది నాకు సమజ్ కాకుంటె నువ్వు చెప్తవు” అన్నాడు. అట్లా నేనూ అద్దాలాయన్నయ్యాను.

పోవడానికి పెళ్లి ముహూర్తం చూసినంత పనైంది. సదస్సు పెట్టింది శుక్ర, శనివారాలు. మన దగ్గర మేస్త్రీలకు, వడ్రంగులకు, ఫిట్టర్లకు గట్టి సెలవంటే అమావాస్య. నగరంలో సదస్సులు పెట్టేవాళ్ల క్యాలెండర్లో అమావాస్య ఉండదు. గద్వాల నుంచి ఒక షాపాయన, నాగర్‌కర్నూల్ నుంచి ఇంకొకాయన మాతో వస్తామన్నారు. నాగర్‌కర్నూల్ ఆయన చేతిలో ఒక బట్టల దుకాణం పని ఉంది. శనివారం ఓపెనింగ్, ముందరి అద్దం గురువారం దాకా ఎక్కలేదు. ఆయన ఆగిపోయాడు. చివరికి శుక్రవారం తెల్లవారుజామున ముగ్గురం బస్సెక్కాం. కొత్తకోట దగ్గర హైవే ఎక్కి జడ్చర్ల చేరేసరికి తెల్లగా తెల్లారింది. బామ్మర్ది చేతిలో చిన్న డైరీ ఉంది. అందులో మూడు ప్రశ్నలు రాసుకున్నాడు. మూడోదాని కింద రెండు గీతలు కొట్టాడు: ‘తలుపు దానంతల అదే ఎట్ల పలుగుతది?’

ఆ ప్రశ్న వెనకాల నిరుడు జరిగిన ఒక కథ ఉంది. ఒక చీరల దుకాణానికి వీడు 12 ఎంఎం టఫెన్డ్ అద్దం తలుపు బిగించాడు. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. అద్దం బరువు లెక్క తేలిక: చదరపు మీటరుకి, ఒక్కో ఎంఎం మందానికి రెండున్నర కిలోలు. అంటే ఆ ఒక్క తలుపే యాభై ఎనిమిది కిలోలు. నాలుగు నెలలు చక్కగా తిరిగింది. ఒకనాడు పొద్దున్నే షట్టర్ ఎత్తితే తలుపు లేదు. లోపల నేలంతా పటికబెల్లం పోసినట్టు అద్దం ముక్కలు. రాత్రి లోపల మనిషి లేడు, పిల్లి కూడా లేదు. దుకాణదారు పని బాగా చెయ్యలేదన్నాడు. అద్దం పంపినవాళ్లు బిగించడంలో తప్పన్నారు. మా వాడు సొంత ఖర్చుతో కొత్త తలుపు పెట్టి, ఆ కోపం తెచ్చి హెల్పర్ పోరడి మీద పడేశాడు. నట్టు ఎక్కువ తిప్పి ఉంటాడని వాడి కూలిలో నుంచి నాలుగు వేలు పట్టుకున్నాడు. నేనూ మా ఆవిడా చెప్పి చూశాం. వినలేదు.

సరే, సదస్సు. తొమ్మిదిన్నరకని వేశారు, దీపం వెలిగించేసరికి పదకొండుంపావు. వేదిక మీద పన్నెండు మంది. అందరికీ శాలువాలు, అందరికీ జ్ఞాపికలు. జ్ఞాపికలు కూడా అద్దంతో చేసినవే! బెల్లం అంగడాయనకు బెల్లం ముక్క బహుమానం ఇచ్చినట్టు. ముఖ్య అతిథి అరగంట మాట్లాడి, ఇంకో కార్యక్రమం ఉందని వెళ్లిపోయారు. ఆయన మాటల్లో దేశ ప్రగతి ఉంది, క్రికెట్ ఉంది, అద్దం లేదు. తర్వాత వచ్చినవాళ్లు ఒక్కరూ తెలుగులో నోరు విప్పలేదు. వేదిక మీద ఉన్నవాళ్లలో యాభై ఎనిమిది కిలోల తలుపును ఇద్దరితో కలిసి మెట్లెక్కించినవాడు ఒక్కడన్నా ఉన్నాడా అని చూశాను. చేతులు చూస్తే తెలుస్తుంది కదా. లేడు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత ఆ చుట్టుపక్కల ఎన్ని అద్దాల మేడలు లేచాయో, వాటి పునాదుల మట్టి ఎత్తడానికి పాలమూరు నుంచి ఎంతమంది బస్సెక్కారో తలుచుకుంటే నాకింకా మండింది. ఈ వారం కాలమ్ శీర్షిక అక్కడే అనుకున్నాను. ‘దండగ సభలు’ అని.

సభ అంటే ఎట్లా ఉండాలో మన గద్వాలను చూసి నేర్చుకోవాలి అని పక్కన కూర్చున్న గద్వాల ఆయనతో అన్నాను. మళ్లీ మొదలుపెట్టాడని మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. ఏం చెయ్యను, ఈ మూడు జిల్లాల్లో పుట్టినవాడికి సంస్థానాల ముచ్చట మానదు. గద్వాల ఒకటి, వనపర్తి ఒకటి, అమరచింత ఆత్మకూరు ఒకటి, కొల్లాపూర్ నుంచి ఏలిన జటప్రోలు ఒకటి. నాలుగు సంస్థానాలూ పండితులను పిలిచి పోషించాయి. గద్వాలను విద్వద్గద్వాల అనేవారు. తిరుపతి వేంకట కవులు ఎక్కడో గోదావరి సీమ నుంచి ఈ ఆస్థానాలకు వచ్చారు. అట్లా ఊరూరా తిరిగిన రాజదర్శనాల మీద వాళ్లు రాసిన పుస్తకం పేరే ‘నానారాజసందర్శనం’. వచ్చినవాడికి ముందే శాలువా కప్పరు. కూర్చోబెట్టి పరీక్ష పెడతారు. అష్టావధానమంటే ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి అని, ఫలానా అక్షరం వాడకూడదని అడ్డుపడతారు. అప్రస్తుత ప్రసంగి అని ఇంకొకాయన ఉంటాడు, మధ్యమధ్యలో సంబంధం లేని ప్రశ్న వేసి చెడగొట్టడమే ఆయన పని. అన్నిటికీ తట్టుకుని, చివర్లో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. అప్పుడు సన్మానం, కుదిరితే ఏటేటా అందే వార్షికం.

అంటే అతిథి ప్రశ్నలకు జవాబు చెప్పాలి, సభ వినాలి. ఇక్కడ అతిథి చెప్పి వెళ్లిపోతాడు. ఈ ముఖ్య అతిథికి నిషిద్ధాక్షరి పెట్టి, ‘వరల్డ్ క్లాస్’ అనే మాట వాడొద్దంటే రెండో వాక్యం దగ్గరే కూర్చునేవాడు కదా! ఎవరూ నియమించకుండానే అప్రస్తుత ప్రసంగం మాత్రం ధారగా నడిపించాడు.

గద్వాల ఆయన చివరిదాకా విన్నాడు. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాడు, నూలు చీరకు పట్టు కొంగు, పట్టు అంచు కలిపే పని చూస్తూ పెరిగినవాడు. నెమ్మదిగా అన్నాడు: “సార్, మా తాత నేసిన చీర దొరసానమ్మ కట్టిండొచ్చు. గని ఆ సభల మా తాతకు పీట ఎయ్యలె.”

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లుగా ఈ సంస్థానాల సంగతి రాస్తున్నాను, ఒక్కసారీ అటువైపు నుంచి చూడలేదు. పీట దొరికినవాళ్ల లెక్కే రాశాను. ఈ హాల్లోనేమో, వెనక వరసలోనైనా, కార్డు మెడలో వేసి మరీ ఆయనకు కుర్చీ ఇచ్చారు.

భోజనాల తర్వాత జనం సగమయ్యారు. అసలు పని అప్పుడు మొదలైంది. కళ్లజోడు పెట్టుకున్న ఒక ఇంజనీరు, శాలువా లేనాయన, తెరమీద ఒక ఫొటో వేశాడు. పగిలిన అద్దం, చిన్న చిన్న ముక్కల మధ్య రెండు పెద్ద ముక్కలు పక్కపక్కన, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు. వాటి నడుమ గీత మీద ఆవగింజ కంటే చిన్న చుక్క. బామ్మర్ది నా మోచెయ్యి పట్టుకున్నాడు.

మామూలు అద్దాన్ని భట్టీలో 620 డిగ్రీలు దాటేదాకా కాచి, రెండు వైపులా గాలి కొట్టి ఒక్కసారిగా చల్లబరిస్తే టఫెన్డ్ అవుతుంది. పైపొర ముందు బిగుసుకుంటుంది, లోపలిది ఆలస్యంగా చల్లారుతూ దాన్ని గుంజి పట్టుకుంటుంది. ఆ గుంజులాటే దాని బలం. అందుకే ఒకసారి టఫెన్ చేశాక కొయ్యలేం, రంధ్రం పెట్టలేం. లోపలి పొర దాకా ఎక్కడ చీలినా అద్దం మొత్తం పటికబెల్లమైపోతుంది. ఇంతవరకు బామ్మర్దికి తెలుసు. తెలియంది ఆ చుక్క సంగతి. అది నికెల్ సల్ఫైడ్. అద్దం కరిగించే కొలిమిలోకి ఎట్లాగో చేరిన నికెల్, గంధకంతో కలిసి నలకలాగా ఉండిపోతుంది. 379 డిగ్రీలకు పైన దానిది ఒక రూపం, కింద ఇంకో రూపం. నిదానంగా చల్లారితే రూపం మార్చుకుంటుంది. గాలి కొట్టి తొందరపెడితే మారే తీరిక లేక పాత రూపంలోనే ఇరుక్కుంటుంది. ఆ తర్వాత తలుపై, కిటికీయై మన ఊరికి వచ్చాక, నెలలకో ఏళ్లకో తీరిగ్గా మారుతుంది. మారుతూ రెండు నుంచి నాలుగు శాతం ఉబ్బుతుంది. అద్దం గుండెలో గుంజులాట ఉన్న చోటే ఉబ్బితే అంతే. రాత్రి రెండు గంటలకైనా సరే, ఎవరూ ముట్టుకోకపోయినా సరే.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలో ఐసీఐ హౌస్ అనే పేరుతో 1958లో కట్టిన మేడ ఉంది. దాని అద్దాలు వాటంతటవే పగిలి రాలుతుంటే, కారణం ఈ నలకేనని బ్యాలంటైన్ అనే శాస్త్రవేత్త 1961లో తేల్చాడు. మన తాతలు లాంతరు చిమ్నీలు తుడుచుకునే రోజుల్లో తేలిన సంగతి, మా బామ్మర్ది చెవికి ఇప్పుడు చేరింది. దీనికి విరుగుడూ ఉంది. టఫెన్ చేసిన అద్దాన్ని మళ్లీ 290 డిగ్రీల దరిదాపుల్లో కాచి కొన్ని గంటలు ఉంచుతారు. హీట్ సోక్ అంటారు. నలక ఉన్న అద్దం చాలావరకు అక్కడే పగిలిపోతుంది. బజార్లో పగలాల్సింది భట్టీలోనే పగులుతుందన్నమాట. ఖర్చు కాస్త ఎక్కువ, మన ఊళ్లలో అడిగేవాడు లేడు.

ఇంజనీరు ఇంకోటీ చెప్పాడు. దానంతట అది పగిలిన ప్రతి అద్దానికీ నలకే కారణం కాదు. అంచు ఎక్కడైనా చిట్లి ఉండొచ్చు. రబ్బరు గాస్కెట్ లేక ఇనుము అద్దానికి ఆనుకుని ఉండొచ్చు. ఎండకు అల్యూమినియం అద్దానికి రెండున్నర రెట్లు సాగుతుంది, మధ్యలో ఖాళీ వదలకపోతే ఫ్రేమే నొక్కుతుంది. గద్వాల ఆయన తలూపాడు. నూలు ఒకలా ముడుచుకుంటుంది, పట్టు ఒకలా. రెండూ కలిసే చోటే కదా చీర పనితనమంతా!

ఏది నిజమో తెలియాలంటే ఆ రెండు ముక్కలు దొరకాలి. బామ్మర్ది లేచి నిలబడి, తెలుగులోనే అడిగాడు. “సార్, నా ముక్కలు మున్సిపాలిటీ ట్రాక్టర్ల పోయినయి. ఇప్పుడెట్ల?” హాల్లో కొందరు నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు. ఆయనా తెలుగువాడే. “ఇప్పుడేం చెప్పలేమండీ” అన్నాడు.

తిరుగు బస్సులో షాద్‌నగర్ దాటేదాకా మా వాడు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “బావా, నలకనో, నట్టో, అంచో. ఏందో తెల్వనప్పుడు పోరని పైసలు నేనెట్ల పట్టుకున్న?” మర్నాడు పొద్దున షాపు తియ్యగానే నాలుగు వేలు లెక్కపెట్టి హెల్పర్ పోరడి చేతిలో పెట్టాడు. సెల్లులో ఆ ఫొటో చూపించి అంతా చెప్పాడు. పోరడు ఫొటో వంక చాలాసేపు చూశాడు. “నట్టు నేను ఎక్కువ తిప్పలేదని ఆ దినమే చెప్పిన గదన్నా” అన్నాడు, అంతే. పైసలు జేబులో పెట్టుకుని చీపురు తీసుకున్నాడు.

‘దండగ సభలు’ శీర్షిక కొట్టేశాను. పన్నెండు శాలువాల సంగతి నేను ఇప్పటికీ ఒప్పుకోను, కానీ ఆ ఒక్క ఫొటో కోసం తొమ్మిదిన్నర సభకు ఆరు గంటలు ముందే పొమ్మన్నా పోతాను. మూడు ఊళ్ల అద్దాల పనివాళ్లు ఈ వచ్చే అమావాస్యకు వనపర్తిలో కూర్చోవాలని అనుకున్నారు. 1959లో రాజావారి ప్యాలెస్ పాలిటెక్నిక్ అయిన ఊరది, చదువుకున్న పిల్లలకు కొదవ లేదు. వాళ్లలో ఒకణ్ని పట్టుకుని ఆ ఇంజనీరు చెప్పిందంతా తెలుగులో చెప్పిస్తాం. జ్ఞాపికలు లేవు. మొదట మాట్లాడేది హెల్పర్ పోరడు. కుర్చీలు, చాయ లెక్క నాకు అప్పగించారు. అప్రస్తుత ప్రసంగి పదవి కూడా నాదే, పోటీ లేకుండా.

అంతలోగా మీకో మనవి. మీ దుకాణంలోనో ఆసుపత్రిలోనో బడిలోనో అద్దం తలుపు దానంతట అదే పగిలితే, కంగారుపడి వెంటనే ఊడ్చెయ్యకండి. పిల్లలను దూరంగా ఉంచి, చేతికి తొడుగు వేసుకుని, మిగతావాటికంటే పెద్దవి, ఒకదానికొకటి అతికినట్టుండే రెండు పెంకుల కోసం వెతకండి. దొరికితే విడిపోకుండా మీద టేపు అంటించి, కాగితంలో చుట్టి, తేదీ రాసి దాచండి. వనపర్తికి పంపితే మా వాడు చూస్తానన్నాడు. దాని కోసమే సోమవారం ఒక భూతద్దం కొన్నాడు.