హాజరు పట్టీలో పెన్సిల్ చుక్కలు

మా అమ్మ గోదావరి డెల్టాలో ఒక పల్లె బడిలో టీచరుగా చేసింది. ఆమె పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లలో చాలామంది ‘టీచరుగారు దేవతండీ’ అన్నారు. నాకెందుకో ఆ మాట నచ్చలేదు. దేవతలకు వరాలివ్వడం పుట్టుకతోనే వస్తుంది. అమ్మది నేర్చుకున్న పని. ఎవరికి ఏది కావాలో కనిపెట్టడం, ఇచ్చినట్టు తెలియకుండా ఇవ్వడం. ఆ బళ్లోనే చదివాను కాబట్టి (అక్కడ నేనూ ‘టీచర్’ అనే పిలవాలి) ఆ పనితనం కొంత దగ్గర్నుంచి చూశాను.

ముందు హాజరు పట్టీ సంగతి చెప్పాలి. 1995 ఆగస్టులో మొదలైన కేంద్ర పథకం కింద ప్రాథమిక బడుల పిల్లలకు నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చేవారు. వండిన భోజనం కాదు, ఇంటికి పట్టుకెళ్లే బియ్యం. షరతల్లా ఒకటే, హాజరు 80 శాతం ఉండాలి. నెలలో బడి 25 రోజులు నడిస్తే 20 రోజులైనా రావాలన్నమాట. వినడానికి ఏమంత పెద్ద షరతు కాదు. కానీ మా వైపు ఊడ్పులు వచ్చాయంటే తల్లి చేలోకి వెళుతుంది, పెద్దపిల్ల చంటివాడికి కాపలా ఉండిపోతుంది. అయిదు నాగాలు ఎలాగో సర్దుకోవచ్చు. ఆరోది పడిందా, బియ్యం పోయినట్టే. ఆ గింజలు ఏ ఇంటికి బాగా అవసరమో ఆ ఇంటికే అందకుండా పోయే ఏర్పాటు.

రాని పిల్లకు వచ్చినట్టు వేసేస్తే సరిపోయేది. అమ్మ వెయ్యలేదు. తప్పని ఒక కారణం, అలా వేస్తే ఆ పిల్ల ఇక బడికే రాదని రెండో కారణం. రెండోదే ఆమెకు ముఖ్యమని నా అనుమానం. నెల సగం దాటాక పట్టీ తెరిచి, ఇంకొక్క రోజు మానితే లెక్క తప్పే పిల్లల పేర్ల పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టేది. ఆవగింజంత చుక్క. ఎంఈవోగారు తనిఖీకి వచ్చినా కంటపడదు. ఆ సాయంత్రం చుక్క ఉన్న ఇంటి మీదుగా నడిచి వచ్చేది. గుమ్మం దగ్గర ఆగి, ‘రెండు రెబ్బలు కరివేపాకు ఉంటే ఇస్తారా అమ్మా?’ అని అడిగేది. మా పెరట్లో నిక్షేపంలాంటి కరివేప చెట్టుంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, వెళ్తూ వెళ్తూ, ‘రేపు చంటాణ్ణి కూడా ఎత్తుకు రమ్మనండి, వరండాలో ఉయ్యాల కట్టిస్తా’ అనేది. బియ్యం ఊసే లేదు. ఎత్తితే ఆ తల్లి మొహమాటపడుతుంది. కరివేపాకు అడిగినప్పుడు ఇచ్చే చెయ్యి ఆ తల్లిదే. నెలాఖరున చుక్కలన్నీ రబ్బరుతో తుడిచేసేది.

నోటు పుస్తకాలు దిద్దే తీరు ఇంకోలా ఉండేది. ‘కథ’ రాయమంటే థ పొట్టలో చుక్క మరిచిపోయి ‘కధ’ అని రాయడం మా తరగతిలో అందరికీ ఉన్న జబ్బు. ఆమె కొట్టివేసేది కాదు. పక్క మార్జిన్‌లో ఆ మాటనే పొందిగ్గా రాసి, చుక్క మాత్రం పెట్టకుండా వదిలేసేది. అది మేం పెట్టాలి. పెట్టేదాకా పుస్తకం ఆమె బల్ల మీదే. తర్వాత ఇంట్లోవాళ్లు తిరగేసినా పిల్లవాడు దిద్దుకున్నట్టే ఉంటుంది. నల్లబల్ల సరిగా ఆనని కుర్రాడొకడుండేవాడు. వాణ్ణి ముందుకొచ్చి కూర్చోమనలేదు, డస్టరు పని అప్పగించింది. డస్టరు చేతిలో ఉన్నవాడు మొదటి వరుసలో కూర్చోవాలి కదా!

అన్నిట్లోనూ గొప్ప టీచరేం కాదు. పాటలు వచ్చేవి కావు, ఎక్కాలు మరీ రోట్లో దంచినట్టు చెప్పించేది. ఇంటికొచ్చాక ఈ నేర్పంతా ఏమైపోయేదో మరి, నాకు దక్కింది తొడపాశమే.

2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం బళ్లోనే వండిపెట్టడం మొదలైంది. బియ్యం లెక్క పోయింది, చుక్కలు పోలేదు. ఈసారి అవి అయిదో తరగతి ఆడపిల్లల పేర్ల పక్కన చేరాయి. హైస్కూలు పక్క ఊళ్లో ఉండేది. చదువు మానిపించడం ఒక్కరోజులో జరగదని, ఏడాది ముందే అక్కడో నాగా ఇక్కడో నాగాగా మొదలవుతుందని ఆమె లెక్క. జూన్‌లో ఆ పిల్లల టీసీలు ఇళ్లకు పంపేది కాదు, తనే పట్టుకెళ్లేది. ‘ఆడపిల్లకి ఇంకెందుకండీ టీచరుగారూ’ అన్న తండ్రితో వాదన పెట్టుకోగా నేను చూడలేదు. ‘ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యండి బాబూ. రేపు నేనెలాగూ హైస్కూలు వైపు వెళ్తున్నా, పిల్లని నాతో పంపండి’ అనేది. ఆ పూటకు సెలవు పెట్టి, చీటీలో కారణం దగ్గర ‘సొంత పని’ అని రాసేది.