నదిని పట్టుకుని సముద్రానికి

యాప్రాల్ నుంచి రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లు దాటితే గానీ సముద్రం కనిపించదు. అందుకేనేమో, పిల్లలకు సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా కాలనీలో ముందు వినిపించే పేరు వైజాగ్. ఇక్కడా, పక్కనే సైనిక్‌పురిలోనూ సర్వీసు ముగించుకుని స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లలో నేవీలో పనిచేసినవాళ్లకు ఆ ఊరంటే పుట్టిల్లే. ప్రయాణం ఎలా వెళ్లాలో కూర్చుని ఆలోచించడం నాకు ప్రాణం కాబట్టి, బయల్దేరేవాళ్లు కాగితం పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. ఆ కాగితం మీద కైలాసగిరి, ఆర్కే బీచ్, జలాంతర్గామి, రుషికొండ, సింహాచలం, బొర్రా గుహలు, అరకు వరుసగా ఉంటాయి. కింద ‘రెండు రోజులు’ అని రాసి ఉంటుంది.

నేను మొదట అడిగేది ఏ నెలలో వెళ్తున్నారని. మన సెలవులు ఎప్పుడన్నది తర్వాత చూసుకోవచ్చు. ఆ ఊరికీ ఒక పంచాంగం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పడవలన్నీ ఒడ్డునే ఆగుతాయి. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం చూడాలనుకునేవాళ్లు ఆ రెండు నెలలూ వదిలేయాలి. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఆ ఊరి చెట్లను కూకటివేళ్లతో పెకలించింది. జోరు వానల్లో అరకు దారిలో కొండచరియలు విరిగిపడి రైళ్లు ఆగిపోతుంటాయి. నవంబర్ చివర, డిసెంబర్ మొదట్లో అయితే అరకు లోయంతా వలిసె పూలతో పసుపు పచ్చగా ఉంటుంది. ఒక్కసారే వెళ్లే వీలుంటే అప్పుడే వెళ్లమంటాను.

సింహాచలానిదీ అంతే. అక్కడి దేవుడు అప్పన్న ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు. నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు మాత్రమే. ఆ రోజు జనం లక్షల్లో వస్తారు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారితో, చంటిబిడ్డతో వెళ్లేవాళ్లు మామూలు రోజు ఉదయాన్నే వెళితే కుదురుగా దర్శనం చేసుకోవచ్చు. కొండమీదికి బస్సులున్నాయి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో ఆ గుడికి వచ్చాడు. ఆ సంగతి చెప్పే శాసనం ఇప్పటికీ అక్కడుంది. స్తంభాల మీద శాసనాలను నిలబడి చూసే తీరిక కూడా మామూలు రోజునే దొరుకుతుంది.

ఇక దారి సంగతి. నేను ఎవరికి రాసిచ్చినా గోస్తనీ నది వెంటే రాసిస్తాను. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల అడుగు నుంచి పారి, తాటిపూడి జలాశయంలో నిండి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే చిన్న నది అది. విశాఖ నగరానికి తాగునీరిచ్చే వనరుల్లో తాటిపూడి ఒకటి. అంటే మనం హోటల్లో తాగే గ్లాసుడు నీళ్లలో ఆ కొండల వాన ఉండొచ్చు.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కాలి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన లైను అది. సొరంగాలే యాభైకి పైగా ఉన్నాయి. దారిలో వచ్చే శిమిలిగూడ స్టేషన్ సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తులో ఉంది. 2017 నుంచి అద్దాల కప్పున్న విస్టాడోమ్ బోగీ కూడా తగిలిస్తున్నారు. అయితే మామూలు బోగీలో కిటికీ పక్కన కూర్చుని కొండగాలి తగిలించుకోవడమే నాకిష్టం. ఎక్కడం రైల్లో, దిగడం రోడ్డు మీద. రాత్రి అరకులో ఉండి, మర్నాడు గాలికొండ, అనంతగిరి కాఫీ తోటల మీదుగా బొర్రాకు రావాలి. అక్కడి నుంచి శృంగవరపుకోట, తాటిపూడి, పద్మనాభం, భీమిలి.

పద్మనాభం దగ్గర బండి ఆపమని మరీ మరీ చెబుతాను. 1794 జూలై 10న ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడుతూ విజయనగరం పాలకుడు చిన విజయరామరాజు ప్రాణాలు విడిచిన నేల అది. అరకు నుంచి వచ్చే కార్లలో ఎక్కువ భాగం అటు తిరగనే తిరగవు. భీమిలిలో డచ్చివారి సమాధుల తోట ఉంది, 1861లోనే ఏర్పడ్డ పురపాలక సంఘం ఉంది. అక్కడి నుంచి నగరానికి వచ్చే బీచ్ రోడ్డు పక్కనే తొట్లకొండ. 1976లో నావికాదళం సర్వే చేస్తుంటే బయటపడ్డ బౌద్ధారామం ఇది. నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. సాయంత్రం అక్కడ కూర్చుంటే కింద సముద్రం పరుచుకుని ఉంటుంది. రెండు వేల ఏళ్ల కింద భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు.

నగరానికి ఒక పూర్తి రోజు చాలు. కురుసురా జలాంతర్గామికి సోమవారం సెలవు, కాబట్టి ఆ రోజు పెట్టుకోవద్దు. 1969లో నావికాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన నౌక అది. ఆ ఇరుకు గదుల్లో నడిచినప్పుడు, సముద్రం కింద బతికిన నావికుల జీవితం పిల్లలకు పుస్తకం కంటే బాగా తెలుస్తుంది. అటుపైన బీచ్‌లో ముంత మసాలా తినొచ్చు. కైలాసగిరి ఈసారికి కుదరకపోతే మానేయండి. జాబితాలోంచి ఒకటి రెండు తీసేయడానికి వెనకాడేవాళ్లే అలసిపోయి తిరిగొస్తారు.

రైలు టికెట్ల ముందస్తు బుకింగ్ గడువు 2024 నవంబర్ నుంచి 120 రోజుల బదులు 60 రోజులైంది. సంక్రాంతికి జనవరి 11న బయల్దేరాలంటే నవంబర్ 12 పొద్దున్నే సిద్ధంగా ఉండాలి. టికెట్ మీద స్టేషన్ పేరు కూడా చూసుకోండి. 2025 జనవరిలో కొత్త టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్లు చర్లపల్లి నుంచి నడుస్తున్నాయి. మన యాప్రాల్ వాళ్లకు ఈసీఐఎల్ మీదుగా అది సికింద్రాబాద్ కంటే సులువు.

చివరగా ఒక మాట, ముఖ్యంగా పిల్లలున్నవాళ్లకు. ఆర్కే బీచ్‌లో అల పైకి మెత్తగానే కనిపిస్తుంది, వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. హెచ్చరిక బోర్డు ఉన్నచోట పాదాలు తడుపుకుని వెనక్కి రండి. లైఫ్‌గార్డు ఈల వేస్తే వెంటనే వినండి.